‘అకామడేషన్’లో రెండో ఎమ్ ఎక్కడిది?

అందరికీ నమస్కారం. సాయంత్రం పూట బీచ్ వదిలేసి ఇంగ్లీషు పదాల గురించి వినడానికి ఇంతమంది వచ్చారంటే, వెనకాల ఏదో ఒక ఎంట్రన్స్ టెస్ట్ తరుముతూ ఉండే ఉంటుంది. పర్వాలేదు, భయంతో వచ్చినా వచ్చినట్టే.

ముందే ఒక మాట చెప్పేస్తాను. గ్రీకు, లాటిన్ ధాతువుల జాబితా నేను ఇవ్వను. అలాంటివి ఈ ద్వారకానగర్‌లో ఏ జిరాక్స్ షాపులోనైనా దొరుకుతాయి. ‘బెనె’ అంటే మంచి, ‘మాల్’ అంటే చెడు, ‘క్రోనోస్’ అంటే కాలం అంటూ పేజీలకు పేజీలు. పదాలు బట్టీ పట్టలేక ధాతువుల దగ్గరికి వచ్చిన పిల్లవాడి చేత ఆ ధాతువులనే బట్టీ పట్టిస్తే వాడికి ఒరిగిందేమిటి? నేను చెప్పదలచుకున్నది వేరు. ఈ పద్ధతిలో సగం పని మీకు తెలుగు మేష్టారు పదో తరగతి లోపే నేర్పేశారు. దాన్ని మీరు ఇంగ్లీషు క్లాసులోకి తెచ్చుకోవడం లేదు, అంతే.

‘హారం’ తీసుకోండి. ముందు ‘ఆ’ చేరితే ఆహారం, ‘వి’ చేరితే విహారం, ‘సం’ చేరితే సంహారం, ‘పరి’ చేరితే పరిహారం. ఒకటి తినేది, ఒకటి తిరిగేది, ఒకటి చంపేది, ఒకటి తుఫాను వెళ్లిపోయాక ప్రభుత్వం ఇస్తానని చెప్పేది. ధాతువు మాత్రం ఒక్కటే, ‘హృ’. లాటిన్ వాళ్లు చేసిందీ ఇదే. వాళ్లకు ‘స్క్రిబెరె’ అంటే రాయడం. మందు ఇచ్చేముందు డాక్టరు రాసేది ప్రిస్క్రిప్షన్. కాగితం కింద సంతకం పెట్టి ఒప్పుకునేది సబ్‌స్క్రిప్షన్. ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎత్తి రాస్తే ట్రాన్‌స్క్రిప్షన్. రాతి మీద చెక్కితే ఇన్‌స్క్రిప్షన్, మన భాషలో శాసనం. ధాతువు ఒక్కటి తెలిసి, ముందున్న ముక్కలు తెలిస్తే పదాలు గుంపుగా వస్తాయి. నన్నడిగితే ముందున్న ముక్కలే ముఖ్యం. ధాతువులు వందలున్నాయి, ఉపసర్గలు కొన్నే.

ఇప్పుడు అసలు విషయం. ఇక్కడి నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్ దాకా నడుస్తూ హాస్టళ్ల బోర్డులు చదవండి. ‘అకామడేషన్’ స్పెల్లింగు ఎన్నిరకాలుగా ఉంటుందో అక్కడే తెలుస్తుంది. ఒకచోట ఒక్క సీ, ఇంకోచోట ఒక్క ఎమ్, మరోచోట రెండూ ఒక్కొక్కటే. రాసినవాళ్లను అని లాభం లేదు. చెవికి ఒక్కటే వినిపిస్తుంటే రెండు రాయమంటే ఎవరైనా ఎలా రాస్తారు? ఆ మాటని విడగొడితే సంగతి తేలిపోతుంది. మొదటి ముక్క ‘ఆద్’, అంటే వైపు. రెండోది ‘కొమ్’, అంటే కలిసి. మూడోది ‘మోదుస్’, అంటే కొలత, ప్రమాణం. కొలతకు సరిపోయేట్టు అమర్చడం అన్నమాట. ‘ఆద్’ చివర ఉన్న ద్, తరవాతి క పక్కకు వచ్చి తానూ క్ అయిపోయింది. ‘కొమ్’ చివర ఎమ్, ‘మోద్’ మొదట్లో ఇంకో ఎమ్. దీన్ని తెలుగు లిపిలో ‘అక్కొమ్మోదేషన్’ అని ఒకసారి రాసి చూడండి. కకు కావత్తు, మకు మావత్తు, రెండూ ఎదురుగా కనిపిస్తాయి. ఇంగ్లీషు వాడు పలకడం మానేసిన ఒత్తుని మన లిపి చూపించేస్తుంది. ఇక ఆ స్పెల్లింగు జన్మలో తప్పు పోదు.

ఇది సంధి. ఉత్ ప్లస్ లాసం ఉల్లాసం అయినట్టు, సత్ ప్లస్ జనుడు సజ్జనుడు అయినట్టు, లాటిన్‌లో ‘ఇన్’ ప్లస్ లీగల్ ఇల్లీగల్ అయింది, ‘ఇన్’ ప్లస్ రెగ్యులర్ ఇర్రెగ్యులర్ అయింది. కలెక్ట్‌లో రెండు ఎల్‌లు, కరెక్ట్‌లో రెండు ఆర్‌లు, అఫెక్ట్‌లో రెండు ఎఫ్‌లు, అన్నీ ఇలా పుట్టినవే. మరి ఇంపాజిబుల్‌లో ‘ఇన్’ కాస్తా ‘ఇమ్’ ఎందుకైంది? దానికి సంస్కృతం కూడా అక్కర్లేదు. ‘పంట’ అనండి. ‘పంపు’ అనండి. రాసేటప్పుడు రెండింట్లోనూ సున్నే. మొదటిదాంట్లో అది ట పక్కన ణకారంలా పలికింది, రెండోదాంట్లో పెదవులు కలిసి మకారమైంది, ఎందుకంటే పక్కన ప ఉంది. లాటిన్ వాళ్లకు మనలా అన్నిటికీ సరిపోయే సున్న లేదు కాబట్టి ఆ తేడాని అక్షరంతో రాసుకోవలసి వచ్చింది. పాసిబుల్, బ్యాలెన్స్, మోరల్. ప, బ, మ ముందు ‘ఇమ్’. ఈ రూలు ఇంగ్లీషు గ్రామర్ పుస్తకంలో చదివి గుర్తుపెట్టుకునేకంటే ‘పంట’, ‘పంపు’ అని రెండుసార్లు అనుకోవడం తేలిక.

ఇక్కడ బైపీసీ పిల్లలున్నారా? చేతులెత్తండి. డిసెక్షన్‌కి ఎన్ని ఎస్‌లు? బైసెక్షన్‌కి ఎన్ని? మొదటిది ‘డిస్’ ప్లస్ ‘సెక్ట్’, అందుకని రెండు. రెండోది ‘బై’ ప్లస్ ‘సెక్ట్’, అందుకని ఒకటి. ‘సెక్ట్’ అంటే కోయడం. చీమను చూడండి, ఒళ్లంతా గాట్లు పెట్టి కోసినట్టు ముక్కలుగా ఉంటుంది. అందుకే ఇన్‌సెక్ట్. గ్రీకువాళ్లు అదే భావానికి వాళ్ల ‘తొమ్’ ధాతువు వాడుకున్నారు. పురుగుల శాస్త్రానికి ఎంటమాలజీ అనే పేరు అక్కడిదే.

1989లో అమెరికాలో బడి చదువులో వచ్చే పదాలను లెక్కపెట్టి చూశారు. ఉపసర్గ ఉన్న మాటల్లో 58 శాతం నాలుగే ఉపసర్గలతో మొదలవుతున్నాయి. అన్, రీ, ఇన్, డిస్. ఇందులో ‘అన్’ అచ్చంగా ఇంగ్లీషు వాళ్ల సొంత సొత్తు, గ్రీకూ కాదు, లాటినూ కాదు. మిగతా మూడూ లాటిన్ నుంచి వచ్చినవి. నాలుగు వందల వరసల జిరాక్సుకి ఏడ్చేముందు ఈ నాలుగింటి సంగతి చూసుకోండి.

కేజీహెచ్‌కి వెళ్లని విశాఖవాసి ఉండడు. 1923 నుంచి ఉన్న ఆస్పత్రి. అక్కడి డిపార్ట్‌మెంట్ల బోర్డులు గ్రీకు నేర్చుకోవడానికి మంచి చోటు. చివర ‘ఐటిస్’ ఉంటే వాపు, ‘ఎక్టమీ’ ఉంటే కోసి తీసెయ్యడం. అపెండిసైటిస్ జబ్బు, అపెండెక్టమీ ఆపరేషన్. ఆర్థోపెడిక్స్ దగ్గర మాత్రం ఆగాలి. మా పక్కింటి కుర్రాడు ‘ఆర్థో అంటే ఎముక కాదేటి సార్?’ అన్నాడు. కాదు. ‘ఆర్థోస్’ అంటే తిన్ననిది, వంకర లేనిది. ‘పెడ్’ అంటే కాలు అనుకుంటారు, అదీ కాదు, గ్రీకులో పిల్లవాడు. పిల్లల వంకర ఒళ్లు తిన్నగా చేసే విద్య అనే అర్థంలో 1741లో నికొలా ఆండ్రీ అనే ఫ్రెంచి డాక్టరు పెట్టిన పేరది. ఇప్పుడు ఆ ఓపీ ముందు కూర్చునేవాళ్లలో ఎక్కువమంది మోకాళ్లు పట్టుకున్న మామ్మలూ తాతయ్యలే. పెడెస్ట్రియన్‌లో, పెడల్‌లో ఉన్నది లాటిన్ ‘పెడ్’, అది మన ‘పాదం’. పీడియాట్రిక్స్‌లో ఉన్నది గ్రీకు ‘పెడ్’. ఒకేలా ఉంటాయి, చుట్టరికం లేదు.

చుట్టరికం ఉన్నవి ఎలా ఉంటాయంటే, హైపర్, హైపో. పరీక్షల్లో వీటిని తారుమారు చేయని వాళ్లు తక్కువ. హైపర్‌కి మన ‘ఉపరి’ దాయాది, అంటే పైన. హైపోకి ‘ఉప’ దాయాది, అంటే కింద, దగ్గర. ఉపరితలం అన్న మాట గుర్తున్నంతకాలం హైపర్ పైనే ఉంటుంది. అలాగే హైపర్‌టెన్షన్ అంటే మనసుకి టెన్షన్ ఎక్కువవడం అని మా కాలనీలో గట్టి నమ్మకం. లాటిన్‌లో ‘తెందెరె’ అంటే సాగదీయడం, బిగించడం. రక్తం ఒత్తిడికి నాళాలు పడే బిగువు అది. మనం రోజూ అనుకునే టెన్షన్, కరెంటు వాళ్ల హైటెన్షన్ వైర్లు, ఎన్‌సీసీ వాళ్ల అటెన్షన్, అన్నిట్లోనూ అదే ధాతువు. వీణ తంత్రిలో ఉన్న ‘తన్’ కూడా దానికి బంధువే. తూర్పు నౌకాదళం ఉన్న ఊళ్లో ‘నౌక’కీ, నేవీకీ ఉన్న పోలిక గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. గ్రీకులో ఓడని ‘నౌస్’ అంటారు. ఓడెక్కితే వచ్చే కడుపులో తిప్పుడు నాసియా.

ఇంతవరకు విని ‘చూశారా, అన్నీ మన దగ్గర్నుంచే పోయాయి’ అని వాట్సాప్‌లో పెట్టకండి. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ అన్నది సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని. అంటే అక్కచెల్లెళ్లు, తల్లీబిడ్డలు కాదు. పైగా తెలుగుది వేరే కుటుంబం. ఆ సంగతి 1816లోనే మద్రాసులో ఎల్లిస్ దొర రాసి పెట్టాడు. ఆ పోలికలు మనకు తత్సమాల దారిలో వచ్చాయి, అంతే. మనం వాడుకోవడానికి ఆ దారి చాలు.

ధాతువుని మరీ నమ్ముకున్నా ప్రమాదమే. గాజువాక వైపు పోయే పెట్రోలు ట్యాంకరు వెనకాల ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని ఉంటుంది. ‘ఇన్’ అంటే ‘కాదు’ అని నేర్చుకున్నవాడు దాని పక్కన సిగరెట్ వెలిగించాడంటే ఇంకేముంది! ఈ ‘ఇన్’ వేరు, లోపలికి అనే అర్థంలోది. మంటల్లోకి పోయేది అని. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడ్డ గాలి. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ ఆ పరాన్నజీవిని దోమ కడుపులో పట్టుకున్నాడు. గాలి తప్పేమీ లేదని తేలింది, పేరు మాత్రం మారలేదు. ఆటమ్ అంటే కోయడానికి వీల్లేనిది. కోసేశారు. 1868 ఆగస్టు 18 నాటి సూర్యగ్రహణాన్ని గుంటూరు నుంచి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పరిశీలించాడు. హీలియం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. సూర్యుడి గ్రీకు పేరు ‘హీలియోస్’ బాగానే ఉంది, కానీ అది లోహం అనుకుని సోడియం, పొటాషియంల తోక తగిలించారు. తీరా అది వాయువు. అందుకని ధాతువు చెప్పేది ఒక ఊహ మాత్రమే. దాన్ని వాక్యంలో పెట్టి చూసుకోవాలి, ఆ తరవాత డిక్షనరీ. ఈ వరస తప్పకూడదు.

కొన్నిసార్లు ధాతువు అర్థం చెప్పకపోయినా బొమ్మ చూపిస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసిన వాళ్లకు సైక్లోన్ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మాట పుట్టిందీ బంగాళాఖాతం తుఫానుల వల్లే. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ గాలి గుండ్రంగా చుట్టుకోవడం గమనించి, గ్రీకు ‘కిక్లోస్’ నుంచి 1848లో నావికుల కోసం రాసిన పుస్తకంలో పెట్టాడు. పాము చుట్ట అన్న భావం ఆయన మనసులో ఉంది. సైకిల్, ఎన్‌సైక్లోపీడియా కూడా అదే చక్రం. క్యాండిడేట్ అంటే తెల్లబట్టలవాడు. రోమ్‌లో పదవికి పోటీ చేసేవాళ్లు సుద్దతో తెల్లగా మెరిపించిన బట్టలు కట్టుకునేవారట. మన నాయకులకు ఇది ఎవరు చెప్పారో గానీ, తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.

సరే, ఇంటికెళ్లి చేయవలసిన పని ఒకటి. కొత్త పుస్తకం కొనకండి. ఇంట్లో మందుల డబ్బా తీయండి. జ్వరం మాత్రలు ఏ రకానివో డిక్షనరీలో చూస్తే అనాల్జెసిక్, యాంటీపైరెటిక్ అని ఉంటుంది. ‘అన్’, ‘అల్గోస్’. ‘యాంటీ’, ‘పైర్’. మొదటిదాంట్లో ‘అన్’ ఇంగ్లీషుది కాదు, గ్రీకుది, మన ‘అనంతం’లో ఉన్నదానికి చుట్టం. ‘అల్గోస్’ అంటే నొప్పి, ‘పైర్’ అంటే నిప్పు. మిగతావి మీరే విడగొట్టండి. ఒక కాగితం మీద మీ ఊహ ముందు రాసి, డిక్షనరీ తరవాత తెరవండి. తప్పినవాటికి గుర్తు పెట్టి ఉంచండి, అవే పనికొస్తాయి. ఇప్పుడు ప్రశ్నలుంటే అడగండి. మైకు ఆ వెనక వరసలో అమ్మాయికి ఇవ్వండి, ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉంది.