రెండో స్లాటు సంగతి

సభలో ఉన్న పెద్దలకు, విద్యార్థులకు నమస్కారం.

గేమింగ్ లాప్‌టాప్‌లో ర్యామ్ పెంచుకోవడం గురించి మాట్లాడమన్నారు. ర్యామ్ అంటే నడుస్తున్న గేమ్‌కి కావాల్సినదాన్ని ప్రాసెసర్‌కి చేతికందేలా పెట్టే తాత్కాలిక మెమరీ. పాలకొల్లులో గానీ, భీమవరంలో గానీ, అమలాపురంలో గానీ లాప్‌టాప్ రిపేరు షాపు దగ్గర కాసేపు నిలబడండి. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు ఎవరో ఒకరు వచ్చి, "అన్నా, గేమ్ ఆగి ఆగి నడుస్తోంది, ర్యామ్ ఎంత వేయించుకోవాలి?" అని అడుగుతాడు. పక్కన నాన్నగారు ఉంటారు. దాళ్వా డబ్బు చేతికొచ్చాకో, రొయ్యల చెరువు పట్టుబడి అయ్యాకో కొనిచ్చిన లాప్‌టాప్ అది. దానిమీద మళ్లీ ఖర్చంటే ఆయనకీ టెన్షనే. అందుకని షాపుకి వెళ్లేముందు ఇంట్లోనే తేల్చుకోగలిగినవి ఏమిటో చెప్తాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మన పిల్లల లాప్‌టాప్‌లలో ఎక్కువసార్లు కనిపించే లోటు ఖాళీగా ఉన్న రెండో స్లాటు, అంటే ర్యామ్ స్టిక్ (చిన్న పట్టీ) పెట్టే చోటు. జీబీల లెక్క దాని తర్వాతే.

ముందు మీ బాధ ర్యామ్‌దేనా అని చూసుకోండి. గేమ్ మొదట్లో బాగా నడిచి, ఓ పావుగంట తర్వాత మందగిస్తే అది వేడి. మన దగ్గర ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో పరుపు మీద పెట్టి ఆడితే ఏ ప్రాసెసరైనా వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాన్‌లో దుమ్ము తీయించి, బల్ల మీద పెట్టుకోండి. కరెంటు పోయి బ్యాటరీ మీద ఆడుతున్నప్పుడు మాత్రమే ఫ్రేములు (సెకనుకి తెర మీదకి వచ్చే బొమ్మలు) పడిపోతుంటే, ఛార్జర్ లేనప్పుడు గ్రాఫిక్స్ కార్డుకి పూర్తి పవర్ అందదు, అంతే. గోడలు, ముఖాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తూ, సెట్టింగ్స్‌లో టెక్స్‌చర్ తగ్గించగానే బాగుపడితే అది వీర్యామ్, అంటే గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ, చాలకపోవడం. జీటీఎక్స్ 1650 లాంటి కార్డులో 4 జీబీ వీర్యామ్ ఆ కార్డుతోనే వస్తుంది. మీరు బయట 64 జీబీ ర్యామ్ వేయించినా ఆ నాలుగు ఐదు కాదు. మ్యాచ్‌లో మీ మనిషి వెనక్కీ ముందుకీ గెంతుతుంటే అది నెట్. ఇంకా హార్డ్ డిస్కు మీదే విండోస్ నడుస్తుంటే ముందు ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్కు కన్నా వేగమైన డిస్కు) వేయించండి. ర్యామ్ ఆ తర్వాత.

మరి ర్యామ్ చాలనప్పుడు ఎలా ఉంటుంది? మ్యాప్‌లో కొత్త చోటికి వెళ్లినప్పుడల్లా బొమ్మ ఓ క్షణం బిగుసుకుపోతుంది. గేమ్ లోంచి డిస్కార్డ్ చాట్‌కో బ్రౌజర్‌కో వెళ్లి తిరిగి రావాలంటే ఆలస్యం. డిస్కు ఆగకుండా పనిచేస్తూనే ఉంటుంది, ఎందుకంటే ర్యామ్‌లో చోటు లేనిదంతా విండోస్ డిస్కు మీదకి తోసి మళ్లీ తెచ్చుకుంటోంది.

ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాంట్లో మెమరీ. గేమ్ ఆన్‌లో ఉంచి చూడండి. గ్రాఫు నెత్తి మీదకి వెళ్లి కూర్చుందంటే చోటు చాలడం లేదన్నమాట. గ్రాఫు కింద స్పీడ్, స్లాట్స్ యూజ్డ్, ఫామ్ ఫ్యాక్టర్, హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని చిన్న అక్షరాల్లో ఉంటాయి. స్లాట్స్ దగ్గర "1 ఆఫ్ 2" అని ఉంటే రెండో స్లాటు ఖాళీ, మీకు శుభవార్త. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ అని ఉంటే తీసి పెట్టుకునే స్టిక్. "రో ఆఫ్ చిప్స్" అని ఉంటే అది బోర్డుకే అతికించిన మెమరీ. దాన్ని మార్చలేం. కొన్ని మోడళ్లలో సగం అతికించి, పక్కన ఒక స్లాటు ఇస్తారు. అందుకని మీ మోడల్ నంబరుతో కంపెనీ సర్వీస్ మాన్యువల్ కూడా చూడండి. ఎంత వరకు పెంచుకోవచ్చో అందులోనే రాసి ఉంటుంది.

ఇక ఆ రెండో స్లాటు ఎందుకంత ముఖ్యమో చెప్తాను. ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య డేటా వెళ్లే దారి ఒక్కో స్టిక్‌కీ 64 బిట్ల వెడల్పు. డీడీఆర్4 తరం స్టిక్ 3200 వేగంతో నడిస్తే సెకనుకి 25.6 గిగాబైట్లు అందించగలదు. అదే వేగంతో రెండు స్టిక్కులు పెడితే 51.2. మన డెల్టా రైతుకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు. కాలవ నిండా నీళ్లున్నా చేలోకి ఒక్కటే తూము ఉంటే తడి అందడానికి పట్టే టైము పడుతుంది, రెండో తూము ఎత్తితే నీరు రెట్టింపు వస్తుంది. ఇందుకే 16 జీబీ స్టిక్ ఒక్కటి ఉన్న లాప్‌టాప్ కన్నా, రెండు ఎనిమిదులున్న డీడీఆర్4 లాప్‌టాప్‌లో చాలా గేములు సాఫీగా నడుస్తాయి. జీబీలు రెండింట్లోనూ ఒకటే.

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్ మీద ఆడేవాళ్లు ఈ మాట ఇంకా శ్రద్ధగా వినాలి. రైజెన్ ప్రాసెసర్‌లోనే ఉండే వేగా గ్రాఫిక్స్ గానీ, ఇంటెల్ ప్రాసెసర్‌లోని ఐరిస్ ఎక్స్ఈ గానీ సొంత మెమరీ లేనివి. మీ ర్యామ్‌నే వాడుకుంటాయి. ఒక్క స్టిక్ మీద వాటికి ఊపిరాడదు. ఇంటెల్ అయితే ఒక్క స్టిక్ ఉన్నప్పుడు దానికి ఐరిస్ ఎక్స్ఈ అన్న పేరు కూడా ఇవ్వదు. డివైస్ మేనేజర్‌లో యూహెచ్‌డీ గ్రాఫిక్స్ అనే కనిపిస్తుంది. రెండో స్టిక్ పెట్టి ఆన్ చేశాక అదే లాప్‌టాప్‌లో పేరు మారి ఐరిస్ ఎక్స్ఈ అవుతుంది. ఆ మార్పు చూసిన కుర్రాళ్ల ముఖాలు చూడాలి! విడి కార్డు ఉన్నవాళ్లకి లాభం ఇంతగా ఉండదు, కానీ మధ్యమధ్య వచ్చే కుదుపులు తగ్గడం వాళ్లకీ తెలుస్తుంది.

"కొత్త తరం డీడీఆర్5లో ఒక్క స్టిక్కే డ్యూయల్ ఛానల్ (రెండు దారులు) కదండీ, రెండోది దండగ" అని కొందరు చెప్తున్నారు. నమ్మకండి. డీడీఆర్5 స్టిక్ లోపల రెండు ఛానళ్లున్న మాట నిజమే. అయితే ఒక్కొక్కటీ 32 బిట్లు. రెండూ కలిపినా మళ్లీ అదే 64. పూర్తి వెడల్పు కావాలంటే దానికీ రెండో స్టిక్ ఉండాల్సిందే.

ఎంత కావాలన్నది ఇప్పుడు చూద్దాం. వాలరెంట్ గేమ్‌కి కనీస అవసరం 4 జీబీ అని దాన్ని తయారుచేసినవాళ్లే చెప్పారు. రెడ్ డెడ్ రిడెంప్షన్ 2కి 12 ఉండాలని సిఫార్సు. విండోస్, బ్రౌజర్, డిస్కార్డ్ కూడా పక్కన నడుస్తాయి కాబట్టి ఈ రోజుల్లో గేమింగ్‌కి 16 పెట్టుకోవడం సబబు. ఫ్లైట్ సిమ్యులేటర్ 2024 లాంటివి ఆడేవాళ్లు, ఆడుతూ రికార్డింగ్, ఎడిటింగ్ చేసేవాళ్లు, ఆండ్రాయిడ్ స్టూడియోతో ప్రాజెక్టులు చేసేవాళ్లు 32కి వెళ్లొచ్చు. వాలరెంట్ ఒక్కటే ఆడే కుర్రాడికి 32 వేయిస్తే ఫ్రేములేమీ పెరగవు.

ఉన్న 8కి 16 కలపొచ్చా అని అడుగుతుంటారు. కలపొచ్చు. రెండింట్లోంచి చెరో 8 జోడీగా నడుస్తాయి, మిగిలిన 8 ఒంటరిగా నడుస్తుంది. తప్పేం లేదు, ఉన్న స్టిక్‌ని పారేయడం కన్నా నయం.

కొనేటప్పుడు మొదట చూడాల్సింది తరం. డీడీఆర్4 సోడిమ్‌కి 260 పిన్నులు, డీడీఆర్5కి 262, మధ్యలో గాడి వేరే చోట ఉంటుంది. ఒకటి ఇంకోదాని స్లాటులో కూర్చోదు, బలవంతం చేస్తే స్లాటు విరుగుతుంది. వేగం కలవకపోతే ప్రమాదమేమీ లేదు, రెండూ తక్కువదాని వేగంతో నడుస్తాయి. మీ లాప్‌టాప్ 4800 దగ్గరే ఆగేదైతే 5600 స్టిక్‌కి ఎక్కువ డబ్బు పెట్టడం వృథా. ఎక్స్ఎంపీ (మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిపే సెట్టింగ్) అని రాసున్న స్టిక్కులతో మాత్రం జాగ్రత్త. చాలా లాప్‌టాప్‌లలో ఎక్స్ఎంపీ ఆన్ చేసే వీలుండదు. డబ్బా మీద 3200 అని ఉన్నా, మామూలు సెట్టింగ్‌లో అది 2666కో 2400కో దిగిపోవచ్చు. ఎక్స్ఎంపీ లేకుండానే ఎంత వేగం వస్తుందో అడిగి కొనండి.

ఇంకొకటి స్టిక్కర్ మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఎవరూ చదవరు. 1ఆర్ఎక్స్8 అంటే ఎనిమిది చిప్పులు, 1ఆర్ఎక్స్16 అంటే నాలుగు చిప్పులు. నాలుగు చిప్పులదానిలో ఒకేసారి పని పంచుకునే భాగాలు సగమే కాబట్టి గేముల్లో కొంచెం వెనకబడుతుంది. డీడీఆర్4లో 8 జీబీ కొంటే ఎనిమిది చిప్పులది అడగండి. డీడీఆర్5లో 8 జీబీ స్టిక్కులు సాధారణంగా నాలుగు చిప్పులవే వస్తాయి. అక్కడ స్తోమత ఉంటే రెండు పదహార్లు పెట్టుకోవడం మంచిది.

ధరల విషయం దాచాల్సిన పని లేదు. ప్రపంచంలో మెమరీ చిప్పుల్లో ఎక్కువ భాగం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ అనే మూడు కంపెనీలవే. ఏఐ సర్వర్లకు మెమరీ అమ్మడం వాటికి ఎక్కువ లాభం కాబట్టి అటు మళ్లాయి, 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇలాంటప్పుడు సెకండ్ హ్యాండ్ వైపు చూడటం సహజం. ర్యామ్ తేలిగ్గా అరిగిపోయే వస్తువు కాదు, పాతది తీసుకోవచ్చు. కాకపోతే స్టిక్కర్‌ని నమ్మకుండా సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో ఎస్‌పీడీ పేజీ (స్టిక్ తన గురించి చెప్పే వివరాలు) తెరిచి తరం, సైజు, పార్ట్ నంబరు సరిచూడండి. మెమరీ పేజీలో 3200కి బదులు 1600 కనిపిస్తే కంగారుపడకండి, అది సగం లెక్కే చూపిస్తుంది.

నరసాపురం, అంతర్వేది వైపు నుంచి వచ్చే లాప్‌టాప్‌లలో ఇంకో తంటా ఉంది. ఉప్పుగాలికి, చెరువుల పక్కన తేమకి స్టిక్ పిన్నుల మీద, స్లాటులో మకిలి పడుతుంది. లాప్‌టాప్ ఆన్ అవదు, బోర్డు పోయిందనుకుని దిగులుపడతారు. చాలాసార్లు స్టిక్ తీసి, పిన్నుల్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తగా తుడిచి, ఆరాక పెడితే లేచి కూర్చుంటుంది. పెన్సిల్ రబ్బరుతో గట్టిగా రుద్దకండి, బంగారు పూత పోతుంది.

బిగించే ముందు వారంటీ సంగతి సర్వీస్ సెంటర్‌లో కనుక్కోండి. పూర్తిగా షట్‌డౌన్ చేసి, ఛార్జర్ తీసి, మూత విప్పగానే బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి. స్టిక్‌ని ఏటవాలుగా, ముప్పై డిగ్రీల దగ్గర్లో పట్టుకుని, బంగారు గీత దాదాపు కనబడనంత వరకు లోపలికి నెట్టి, తర్వాత కిందికి వంచండి. రెండు పక్కలా క్లిప్పులు టక్కున పట్టుకోవాలి.

డీడీఆర్5 పెట్టిన మొదటిసారి ఆన్ చేశాక తెర నల్లగానే ఉంటుంది. ఫ్యాన్ తిరుగుతుంది, ఏమీ రాదు. కొన్నిసార్లు నిమిషాలు పడుతుంది. కొత్త స్టిక్‌తో ఎలా మాట్లాడాలో ప్రాసెసర్ సరిచూసుకుంటోంది అప్పుడు. దయచేసి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయకండి, ఆగండి. తెర వచ్చాక ఆ రాత్రికి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం పెట్టి పడుకోండి. పొద్దున్న ఒక్క ఎర్రర్ కనిపించినా బిల్లు పట్టుకుని షాపుకి వెళ్లి మార్పించుకోండి. ఒక్కటే కదా అని వదిలేస్తే అది ఏదో రోజు ప్రాజెక్టు ఫైలునే పాడు చేస్తుంది.

లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు ఇప్పుడే టాస్క్ మేనేజర్ తెరవండి. స్లాట్స్ దగ్గర మీకేం చూపిస్తోందో ఒక్కొక్కరూ చెప్పండి, అక్కడి నుంచి ప్రశ్నలు మొదలుపెడదాం.