పాట వినిపించిన లండన్

నమస్కారం. నైరుతి నైజీరియాలో ఎక్కువగా ఉండే యొరుబా జాతి కుర్రాళ్లు దేశం వదిలిపోతున్నారంటే పాటల మీద నెపం వేసేవాళ్లు అక్కడ ఉన్నారు. నేను ఒప్పుకోను. పాట ఎవరికీ వీసా ఇప్పించదు. కాకపోతే, వెళ్లిపోవడం సిగ్గుపడాల్సిన పనా, గొప్పగా చెప్పుకోవాల్సిన పనా అన్నది అక్కడ చాలావరకు పాటే తేలుస్తుంది.

లాగోస్, ఇబాదాన్ లాంటి యొరుబా నగరాల్లో ‘ఓవాంబే’ జరుగుతోందనుకోండి. అంటే వీధంతా కదిలొచ్చే విందు. జూజూ, ఫూజీ అన్నవి యొరుబా పాటల్లో రెండు రకాలు. అవి పాడేవాడు మధ్యలో అతిథుల పేర్లు అందుకుంటాడు. వంశాన్ని పొగుడుతాడు, ఊరిని పొగుడుతాడు. లండన్ నుంచి దిగినవాడైతే ఆ మాటా పాటలోకి ఎక్కుతుంది. పొగడ్త అందుకున్నాయన ఆడుతూ వచ్చి, నోట్లు ఒక్కొక్కటే గాయకుడి నుదుటికి అంటిస్తాడు. 2007 సెంట్రల్ బ్యాంకు చట్టం ప్రకారం అలా నోట్లు చల్లడం నేరం. విందులో ఆ చట్టం ఎవరికి గుర్తుంటుంది లెండి! మూల కుర్చీలు సర్దే కుర్రాడు ఇదంతా చూస్తుంటాడు.

2018లో గాయకుడు నైరా మార్లీ ‘జపా’ అనే పాట తెచ్చాడు. లాగోస్‌లో పుట్టి, 11వ ఏట లండన్ చేరినవాడు. యొరుబాలో జపా అంటే ఉన్నపళంగా ఉడాయించడం. 2020 అక్టోబర్‌లో పోలీసు దౌర్జన్యంపై రేగిన ఉద్యమంలో లాగోస్‌లోని లెక్కీ టోల్‌గేట్ దగ్గర కాల్పులు జరిగాయి. ఆ తర్వాతి ఏళ్లలో ఈ అల్లరి మాటే వలసకు పేరైపోయింది. ఇప్పుడు డాక్టర్లు, నర్సులు కూడా నవ్వుతూ అదే అంటారు.

2022 చూడండి. ప్రభుత్వ యూనివర్సిటీల అధ్యాపకుల సమ్మెతో ఎనిమిది నెలలు క్లాసుల్లేవు. సరిగ్గా ఆ ఏడే గాయకుడు ఆసాకే పేరు మోగింది. ఇఫేలోని ఒబాఫెమీ అవొలొవొ యూనివర్సిటీలో చదివినవాడు. ఫూజీ వరసలు కలిపి పాడతాడు. 2023 ఆగస్టుకల్లా లండన్‌లోని పెద్ద కచేరీ వేదిక ఓటూ అరీనా ఎక్కాడు. తమ క్యాంపస్ వాడు తమ భాషలో పాడుతుంటే అక్కడ వేలమంది గొంతు కలపడం ఫోన్‌లో చూసిన విద్యార్థికి, పరాయి ఊళ్లో ఒంటరినైపోతానన్న టెన్షన్ సగం పోతుంది. ఐఈఎల్‌టీఎస్ ఫీజు మాత్రం పోదు. 2023 జూన్‌లో నైజీరియా కరెన్సీ నైరా విలువను మార్కెట్‌కు వదిలేశాక, 460 నైరాలున్న డాలరు మరుసటి ఏడాదికి 1,400 దాటింది. నన్నడిగితే బయటికి తోసేది ఈ లెక్కే. పాట ధైర్యం చెబుతుంది, అంతే.

వెనకటి పాట తీరు వేరు. ప్రసిద్ధ గాయకుడు ఫెలా కుటీని 1958లో ఇంట్లోవాళ్లు వైద్యం చదవమని లండన్ పంపితే, ఆయన వెళ్లి సంగీతం కాలేజీలో చేరాడు. ఆ ఫెలాయే 1977లో ‘జానీ జస్ట్ డ్రాప్’ అనే పాటలో, విమానం దిగి దొర వేషాలు వేసేవాళ్లను ఏకిపారేశాడు. ఇవాళ్టి జానీలు డిసెంబర్‌లో దిగుతారు. పౌండ్లు మార్చుకుని లాగోస్ కచేరీలకు ఎగబడతారు. అక్కడి కుర్రకారు వాళ్లకు ‘ఐజేజీబీ’ (ఐ జస్ట్ గాట్ బ్యాక్) అని పేరు పెట్టింది, ‘ఇప్పుడే దిగానండీ’ అని వెక్కిరింపు. టికెట్ల రేట్లు పెంచేది వీళ్లేనని తిట్టుకుంటారు కూడా. అలా తిట్టే వాళ్లలో, ఏదో ఒక డిసెంబర్‌లో తామూ అలాగే దిగాలనుకునేవాళ్లు తక్కువేం కాదు.

ప్రశ్నలుంటే అడగండి.