ముందు ఈ ఐదు మాటలు వినండి: మెదడును చురుగ్గా ఉంచే అలవాట్లు

నమస్కారం. పాఠంలోకి వెళ్లే ముందు మీకు ఐదు మాటలు చెబుతాను. రాసుకోవద్దు, వింటే చాలు. గొడుగు. నిచ్చెన. అద్దం. తాళంచెవి. పడవ. ఇంకొక్కసారి: గొడుగు, నిచ్చెన, అద్దం, తాళంచెవి, పడవ. సరే, ఇక వాటిని వదిలేయండి. మధ్యలో ఎక్కడో అడుగుతాను.

మెదడు చురుగ్గా ఉండాలంటే ఏం చేయాలి అనగానే, చాలామంది ముందుగా అడిగేది ఇదే: రోజుకో సుడోకు చేస్తే సరిపోతుందా? సుడోకు మీద నాకు కోపం లేదు, నేనూ చేస్తాను. కానీ రోజూ సుడోకు చేస్తే బాగా వచ్చేది సుడోకే. ఎదురుపడిన మనిషి పేరు గుర్తు రావడానికి గానీ, మందు వేసుకునే వేళ మరిచిపోకుండా ఉండడానికి గానీ ఆ నేర్పు పెద్దగా అక్కరకు రాదు. మెదడు ఆటల యాప్‌ల సంగతీ అంతే. వయసుతో వచ్చే మతిమరుపును తమ ఆటలు ఆపుతాయని తగిన రుజువు లేకుండా ప్రచారం చేసుకున్న ఒక సంస్థ, 2016లో అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్‌తో రాజీపడి 20 లక్షల డాలర్లు కట్టింది. అలాంటి యాప్ కొనాలనిపించినప్పుడు, ఆ డబ్బుతో నడవడానికి అనువైన బూట్లు కొనుక్కోండి. నవ్వులాటకు అనడం లేదు.

మెదడు బరువు మన శరీరం బరువులో దాదాపు 2 శాతమే. అయినా ఊరికే కూర్చున్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో సుమారు 20 శాతం దానికే పోతుంది. ఆ శక్తిని నిల్వ చేసుకునే చోటు దానికి లేనట్టే. ఆక్సిజన్, గ్లూకోజ్ ఎప్పటికప్పుడు రక్తంలో అందాల్సిందే. అందుకే గుండెకూ రక్తనాళాలకూ మేలు చేసేది మెదడుకూ మేలే చేస్తుంది. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో 120 మంది పెద్దవయసు వారిని రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి మూడు రోజులు, రోజుకు 40 నిమిషాల దాకా నడిచింది. రెండో జట్టు ఒళ్లు సాగదీసే తేలికపాటి వ్యాయామాలు చేసింది. ఏడాది తర్వాత స్కాన్ తీసి చూస్తే, జ్ఞాపకాలకు ఆయువుపట్టు లాంటి హిప్పోక్యాంపస్ అనే భాగం నడిచినవాళ్లలో 2 శాతం దాకా పెరిగింది. రెండో జట్టులో కొద్దిగా తగ్గింది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ ఇంత స్పష్టమైన తేడా చూపలేదు, ఆ మాట కూడా చెప్పాలి. అయినా నడవమనే చెబుతాను, ఎందుకంటే బీపీ, షుగర్ అదుపులో ఉండడమే మెదడుకు సగం కాపలా. ఎంత వేగంగా నడవాలి? పక్కనున్న మనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం చాలు.

ఇప్పుడు వీడియో ఆపండి. ఆ ఐదు మాటలు చెప్పండి. మనసులో కాదు, పైకే చెప్పండి.

మూడు వచ్చాయా? నాలుగా? నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయిన మాట ఏదైనా ఉందా? ఆ ఇబ్బంది ఉంది చూశారూ, ఈ పాఠం మొత్తంలో నేను చెప్పదలచుకున్నది దాని గురించే. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ కొద్దిపాటి కష్టమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. మనమేమో కష్టం రాగానే ఫోను తీస్తాం.

హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల గుత్తులను తానే కంఠస్థం చేసి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో ప్రచురించాడు. తేలిందేమిటంటే, మరుపు మొదటి గంటల్లోనే ఎక్కువ. ఆ తర్వాత నెమ్మదిస్తుంది. 2006లో విద్యార్థుల మీద చేసిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. కొందరు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, కాగితం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తారుమారు. అంటే తిరిగి చదువుతున్నప్పుడు కలిగే ‘వచ్చేసింది’ అన్న భావన మనల్ని బోల్తా కొట్టిస్తుందన్నమాట.

దీన్ని రోజువారీ పనుల్లో ఎలా కలుపుకోవాలో చూద్దాం. ఏదైనా వ్యాసం చదివాక పక్కన పెట్టి, అందులోని సంగతి ఇంట్లో ఎవరికైనా మీ మాటల్లో చెప్పండి. ఎవరూ లేకపోతే గోడకే చెప్పండి, పరవాలేదు. తడబడిన చోట మాత్రమే మళ్లీ చూడండి. కొత్తగా పరిచయమైన మనిషి పేరును విన్న వెంటనే ఒకసారి, సెలవు తీసుకునేటప్పుడు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తలచుకోండి. గట్టిగా నిలవాల్సిన విషయమైతే మర్నాడు, మూడు రోజులకు, వారానికి ఇలా ఎడం పెంచుతూ పోండి. సరుకులు కొనడానికి బయలుదేరేటప్పుడు చీటీ రాసుకోండి, కానీ జేబులోనే ఉంచండి. గుర్తున్నవన్నీ తీసుకున్నాక చీటీ తీసి సరిచూసుకోండి.

మరి తాళంచెవి ఎక్కడ పెట్టామో గుర్తుండకపోవడం సంగతేమిటి? అది చాలాసార్లు మరుపు కాదు. పెట్టేటప్పుడు ధ్యాస వేరే చోట ఉంది, కాబట్టి మెదడులో అసలు నమోదే కాలేదు. నమోదు కానిదాన్ని ఎలా వెతుకుతాం? కళ్లజోడు నెత్తిన పెట్టుకుని నేను ఇల్లంతా గాలించిన రోజులున్నాయి, చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. దీనికి విరుగుడు చాలా చిన్నది: ‘తాళంచెవి బల్ల మీద పెడుతున్నాను’ అని పైకి అనండి. మొదట్లో సిగ్గుగా ఉంటుంది, కానీ పనిచేస్తుంది.

నిద్ర విషయానికి వస్తే, పెద్దవాళ్లకు రాత్రికి కనీసం 7 గంటలు కావాలి. పగలు నేర్చుకున్నది స్థిరపడేది నిద్రలోనే. 2013లో ఎలుకల మీద చేసిన పరిశోధనలో, నిద్రలో మెదడు కణాల మధ్య ఖాళీ పెరిగి, ద్రవం ఎక్కువగా పారి, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బుతో ముడిపడిన బీటా అమైలాయిడ్ అనే ప్రొటీన్ లాంటి వ్యర్థాలు త్వరగా తొలగడం కనిపించింది. మనుషుల్లో ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న చర్చ సాగుతూనే ఉంది. ఆ చర్చ తేలేదాకా మేలుకుని కూర్చోవద్దు. సాయంత్రం తాగిన కాఫీలోని కెఫీన్‌లో దాదాపు సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది, ఆ లెక్క చూసుకోండి.

ఎవరూ పట్టించుకోని విషయం చెవి. డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తీ ఆలోచనా క్రమంగా సన్నగిల్లే జబ్బు మీద 2024లో వచ్చిన, లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ నివేదిక 14 ముప్పులను పేర్కొంది. వాటన్నిటినీ తొలగించగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించవచ్చు లేదా వాయిదా వేయవచ్చని అంచనా. బీపీ, షుగర్, పొగతాగడం, ఒంటరితనంతో పాటు వినికిడి లోపం కూడా అందులో ఉంది. సరిగా వినపడనివాళ్లు మాట పోల్చుకోవడానికే అలసిపోతారు, క్రమంగా నలుగురిలో కూర్చోవడమే మానేస్తారు. ఇంట్లో ఎవరైనా టీవీ శబ్దం పెంచుతూ పోతుంటే విసుక్కోకండి, వినికిడి పరీక్ష చేయించండి.

తిండి గురించి ఒక్క మాటే. మెదడుకు పదును పెట్టే గింజ గానీ, మాత్ర గానీ ఏదీ లేదు. బీ12 లోపం మాత్రం మతిమరుపు తెచ్చిపెట్టగలదు, అది రక్తపరీక్షలో తెలిసిపోతుంది. ఇక అలవాటైన దారి తప్పడం, అడిగిందే పదే పదే అడగడం లాంటివి కనిపిస్తే ఇలాంటి వీడియోలు చూస్తూ కూర్చోవద్దు. డాక్టరును కలవండి.

ఇప్పుడు మళ్లీ ఆ ఐదు మాటలు. వీడియోను వెనక్కి తిప్పకండి, ఒక నిమిషం పెనుగులాడండి. రేపు పొద్దున పళ్లు తోముకుంటూ మరోసారి, వారం తర్వాత ఇంకోసారి. ఈ పాఠం తయారు చేసుకుంటున్నప్పుడు నాకు ప్రతిసారీ జారిపోయింది నిచ్చెన.