సెస్నా ముక్కు విరిగేది మొదటి దెబ్బకు కాదు

[దృశ్యం: కర్నూలు దగ్గర ఓర్వకల్లు రన్‌వే. మిట్టమధ్యాహ్నం, తారు మీద ఎండ అలలు అలలుగా కదులుతోంది.]

వాయిస్: ఈ రన్‌వే 2,000 మీటర్లు. నాలుగు సీట్ల చిన్న విమానం సెస్నా 172కి 50 అడుగుల ఎత్తు నుంచి దిగి ఆగడానికి, తయారీదారు లెక్క ప్రకారం, మే నెల ఎండలో కూడా 500 మీటర్లు చాలు. చోటుకు కరువేం లేదు. తంటా అంతా వేగంతోనే.

ఎండకు నేల నుంచి లేచే గాలి చిన్న విమానాన్ని ఊపేస్తుంది. ఎందుకైనా మంచిదని పైలట్ దిగే వేగం 62 నాట్లకు (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) బదులు 72 పట్టుకుంటాడు. పెరిగిన వేగం ఆరో వంతే, కానీ వదిలించుకోవాల్సిన శక్తి 35 శాతం పెరిగింది. విమానం రెండు మూడు అడుగుల ఎత్తులో తేలుతూ పోతుంది, దిగదు. ఓపిక పట్టి ముక్కు కాస్త ఎత్తి ఉంచితే వేగం చచ్చి తనే దిగుతుంది. పట్టరు. ముక్కును ఎత్తి దించే స్టీరింగ్‌ను, అంటే యోక్‌ను, ముందుకు నెడతారు.

[యానిమేషన్: ముందు చక్రం మొదట నేలను తాకుతుంది.]

సెస్నాకూ ఆటోలాగే మూడు చక్రాలు. కానీ ఇక్కడ ముందుది చివర దిగాలి, దాని పని దారి తిప్పడమే. అది ముందే తగిలితే, బరువంతా వెనకుంది కాబట్టి ముక్కు పైకి లేస్తుంది, రెక్కలకు మళ్లీ లిఫ్ట్ (పైకెత్తే బలం) దొరికి విమానం చెంగున ఎగురుతుంది. కంగారులో పైలట్ మళ్లీ నెడతాడు. ఆ నెట్టుడు పనిచేసే సరికే విమానం తిరిగి పడుతుంటుంది. చెయ్యి ఎప్పుడూ ఒక అడుగు వెనకే. రెండో దెబ్బ మొదటిదానికంటే గట్టిది, మూడోదానికి చాలాసార్లు ముక్కు కాలు కూలుతుంది.

[దృశ్యం: కాక్‌పిట్, థ్రాటిల్ మీద చెయ్యి.]

చిన్న గెంతైతే ముక్కు ఉన్నచోటే పట్టుకుని, కొంచెం పవర్ ఇచ్చి మెల్లగా దించండి. పెద్దదైనా, రెండోసారి ఎగిరినా, ఇక దించే ప్రయత్నం మానుకోవాలి. మళ్లీ పైకి లేవాలి: థ్రాటిల్ పూర్తిగా తెరిచి, కుడి రడ్డర్ (తోక చుక్కాని) పెడల్ నొక్కి, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దిగే పలకలు) 30 డిగ్రీల నుంచి 20కి, వేగం 60 నాట్లు. ఫ్లాప్స్ అన్నీ ఒక్కసారే లేపితే విమానం దబ్బున కిందికి జారుతుంది. పాత కార్బురేటర్ మోడళ్లలో కార్బ్ హీట్ (కార్బురేటర్‌లోకి వేడి గాలి పంపే ఏర్పాటు) కూడా ఆపాలి, చాలామంది మరిచేది అదే.

[క్లోజప్: వంగిన ప్రొపెల్లర్ కొస.]

కొసలు ముందుకు వంగితే, దెబ్బ తగిలినప్పుడు ఇంజిన్ పవర్‌లో ఉందని సాధారణంగా అర్థం. ప్రొపెల్లర్ నేలను గీకిందంటే ఆ దెబ్బ ఇంజిన్ లోపల తిరిగే ఇరుసు, క్రాంక్‌షాఫ్ట్, దాకా పోయినట్టే, ఇంజిన్ విప్పి చూడాల్సిందే. కొస రాకి సరిచేస్తే సరిపోదు.

ప్రొపెల్లర్ బాగున్నా నిశ్చింత పడకండి. ముక్కు కాలులో కుదుపును తట్టుకునే నూనె-గాలి స్ట్రట్ అడుగంటా దిగిపోతే ఆ బలం ఇంజిన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్ రేకు మీద పడుతుంది. కౌలింగ్ (ఇంజిన్ మీది మూత) తీసి, టార్చి ఏటవాలుగా వేసి, కాలు బిగించిన చోట రేకు చూడండి. సన్నని ముడత కనిపించినా, ఒక్క రివెట్ చుట్టూ నల్లగా మసి తేలినా, ఇంజనీరు చూసేదాకా ఆ విమానం హ్యాంగర్‌లోనే.