ఆటోనగర్‌లో కనపడని కంప్యూటర్: ఏఎస్/400 రివ్యూ

నమస్తే అండి. స్క్రీన్ చూడండి. నల్లటి తెర, పచ్చ అక్షరాలు, మెనూలో నంబర్లు. ఇది కంపెనీల స్టాకు, బిల్లులు, లెక్కలు నడిపే కంప్యూటర్. అమెరికా కంపెనీ ఐబీఎం దీన్ని 1988 జూన్‌లో ఏఎస్/400 పేరుతో ప్రకటించింది. ఇప్పుడు దీని పేరు ఐబీఎం ఐ, నడిచేది ఐబీఎం వాళ్ల పవర్ సర్వర్ల మీద. నెల రోజులుగా రాత్రి భోజనం అయ్యాక దీని ముందే కూర్చుంటున్నాను. నాకు బాగా నచ్చింది.

మన విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టుకు వెళ్తే బిల్లు ట్యాలీలో కొడతారు. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ షాపుకు వెళ్లినా అంతే, లేదంటే గుమస్తా చేతిరాత. అదే అమెరికాలో స్పేర్ పార్టులు హోల్‌సేల్‌గా అమ్మే మధ్యరకం కంపెనీల్లో స్టాకు, ఆర్డర్లు, బిల్లులు ఈ పచ్చ స్క్రీన్ మీదే నడిపినవాళ్లు చాలామంది ఉన్నారు. జపాన్‌లో, ఇటలీలో కూడా దీనికి గట్టి పట్టుంది. చేసే వ్యాపారం ఒకటే కదా, మరి మెషిన్ ఎందుకు వేరైంది? "మనవాళ్లు కంప్యూటర్లలో వెనకబడ్డారు" అని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది, ఎందుకంటే జరిగింది అది కాదు.

1973 నాటి ఫెరా (విదేశీ మారక ద్రవ్య నియంత్రణ) చట్టం ప్రకారం విదేశీ కంపెనీలు ఇక్కడి తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలి. ఐబీఎం ఒప్పుకోలేదు, 1978లో వెళ్లిపోయింది. అది వదిలేసిన మెషిన్ల మెయింటెనెన్స్ ప్రభుత్వ సంస్థ సీఎంసీ చూసుకుంది. ఐబీఎం మళ్లీ వచ్చింది 1992లో, టాటాలతో కలిసి. అంటే ఏఎస్/400 పుట్టిన రోజున ఐబీఎం సొంత కంపెనీ మన దేశంలో లేదు. సరిగ్గా ఆ ఏళ్లలోనే మన కొట్లలోకి పీసీలు వచ్చాయి. వాటిలో డీబేస్, ఫాక్స్‌ప్రో లాంటి డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు, ఆ తర్వాత ట్యాలీ. లెక్కలు ఒక పద్ధతిలో కుదిరాక ఏ షావుకారూ దాన్ని కదపడు. ఐబీఎం తిరిగొచ్చాక కొన్ని బ్యాంకులు, పెద్ద కంపెనీలు దీన్ని తీసుకున్నాయి. వీధిలోని వ్యాపారం దాకా మాత్రం అది రాలేదు.

అమెరికా లాంటి చోట్ల వ్యాపారులకు ఇది ఎందుకంత కుదిరిందంటే, డేటాబేస్ సిస్టమ్‌లోనే కలిసి వస్తుంది. విడిగా కొనక్కర్లేదు, దానికోసం ఇంకో మనిషిని పెట్టక్కర్లేదు. ఇంకో గొప్ప సంగతి: 1995లో లోపలి ప్రాసెసర్‌ను 48 బిట్ల నుంచి 64 బిట్లకు మార్చారు. అయినా పాత ప్రోగ్రాములు చాలావరకు సోర్స్ కోడ్ మళ్లీ కంపైల్ చేయకుండానే, అంటే అసలు కోడ్ నుంచి ప్రోగ్రామును మళ్లీ తయారుచేయకుండానే, కొత్త మెషిన్ మీద నడిచాయి. ప్రోగ్రాముకూ హార్డ్‌వేర్‌కూ మధ్య ఒక పొరను మొదటి నుంచే పెట్టుకున్నారు మరి. కష్టపడి రాయించుకున్న బిల్లింగ్ ప్రోగ్రాము పదేళ్ల తర్వాత కూడా పనిచేస్తుంటే ఏ వ్యాపారి వదులుకుంటాడు చెప్పండి?

వాడకం సంగతికి వస్తే, మొదటి వారం విసుగొస్తుంది. తర్వాత కమాండ్ల పేర్లలో ఒక క్రమం తెలుస్తుంది. కమాండ్ పేరు కొట్టి ఎఫ్4 నొక్కితే, ఏమేం నింపాలో అదే అడుగుతుంది. ఎఫ్3 నొక్కితే బయటికి వస్తాం. దీనిమీద ప్రోగ్రాములు రాసే ఆర్‌పీజీ భాషను ఇప్పుడు ఏది ఏ కాలమ్‌లో పడాలన్న లెక్క లేకుండా రాయొచ్చు. వీఎస్ కోడ్ అనే కోడ్ ఎడిటర్‌లో కూడా రాయొచ్చు, దానికి ఎక్స్‌టెన్షన్ ఉచితం.

నచ్చనివి: సొంతంగా కొనాలంటే చిన్న వ్యాపారానికి ఖర్చు మోయలేనంత. దీని మీద ఉద్యోగం కోసం హైదరాబాదో చెన్నైయో బెంగళూరో వెళ్లాలి. పైగా చాలా కంపెనీలు అనుభవం అడుగుతాయి, ఫ్రెషర్లకు ఇది నిజంగా టెన్షనే.

మా పిన్ని కొడుకు ఇక్కడే ఒక సెంటర్‌లో ఈ కోర్సుకు ఫీజు కట్టాడు. మూడు నెలలు స్క్రీన్ ఫొటోలు చూపించారు తప్ప ఒక్కసారి కూడా లాగిన్ ఇవ్వలేదు. ఇంటర్వ్యూలో ఎఫ్4 దేనికని అడిగితే వాడు చెప్పలేకపోయాడు. ఆ రోజు వాడి మొహం చూశాకే ఈ వీడియో చేయాలనుకున్నాను.

కాబట్టి ఫీజు కట్టే ముందు, "నా పేరు మీద యూజర్ ఐడీ ఇస్తారా, ఇంటి నుంచి లాగిన్ అవ్వనిస్తారా?" అని అడగండి. "ఇవ్వం" అంటే లేచి వచ్చేయండి. జర్మనీ నుంచి నడిచే పబ్400 అనే సర్వర్‌లో ఉచితంగా అకౌంట్ ఇస్తారు. నేను నేర్చుకున్నది అందులోనే. ఇప్పుడు మీ ముందే సైన్ ఆన్ అవుతున్నాను, యూజర్ పేరు దగ్గర కర్సర్ చూడండి.