మెంతులు, గుగ్గులు, క్యాప్సూల్స్: కొలెస్ట్రాల్‌కి ఏది నిజంగా పనిచేస్తుంది? (చర్చా కార్యక్రమం)

యాంకర్: అందరికీ నమస్తే. రిపోర్టులో ఎల్‌డీఎల్, అదే చెడు కొలెస్ట్రాల్, ఎక్కువని రాగానే ఇంట్లో ఒకరు మెంతులంటారు, ఒకరు వెల్లుల్లంటారు, ఫ్యామిలీ గ్రూపులో పెదనాన్న గుగ్గులు లింకు పెడతారు. డాక్టర్ గారూ, మీ ఓపీలో ఈ గోల ఎంత ఉంటుంది?

కార్డియాలజిస్ట్: రోజూ ఉంటుందండి. నాకు మెంతులతో పేచీ ఏం లేదు, పేచీ అంతా స్టాటిన్, అంటే కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర, ఆపేసి వచ్చేవాళ్లతోనే. "ఒళ్లు నొప్పులొచ్చాయి సార్, నాచురల్‌కి మారిపోయా" అంటారు, టెస్ట్ చేయిస్తే నంబరు మళ్లీ మొదటికే వచ్చుంటుంది.

యాంకర్: మెంతుల మీద మన హైదరాబాద్‌లోనే రీసెర్చ్ జరిగిందట కదా మేడమ్?

డైటీషియన్: జరిగింది, తార్నాకలో ఉన్న ఎన్‌ఐఎన్, అదే జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1990లో పబ్లిష్ చేశారు. టైప్ 1 షుగర్ పేషెంట్లకి ఇస్తే షుగరూ తగ్గింది, చెడు కొలెస్ట్రాలూ తగ్గింది. మనవాళ్లు ఇక్కడిదాకా చదివి ఫార్వర్డ్ కొట్టేస్తారు. ఇచ్చింది ఎంతో తెలుసా, రోజుకి 100 గ్రాముల మెంతిపొడి, అదీ కొవ్వు తీసేసిన పొడి, మధ్యాహ్నం సగం రాత్రి సగం. మనం రాత్రి నానేసి పొద్దున్నే మింగేది ఒక స్పూను.

యాంకర్: వంద గ్రాములా! ఇంక అన్నం ఎక్కడ పడుతుందండీ.

డైటీషియన్: (నవ్వుతూ) అదే కదా. పైగా 10 రోజుల స్టడీ అది.

ఆయుర్వేద వైద్యుడు: గుగ్గులు, అంటే గుగ్గులు చెట్టు నుంచి వచ్చే జిగురు, దాని సంగతి అలా కాదు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో 1966లోనే దీని మీద థీసిస్ వచ్చింది, సుశ్రుతుడు చెప్పింది పట్టుకుని కుందేళ్ల మీద చేశారు, తర్వాత మన దేశంలో మందుగానే అనుమతి వచ్చింది.

కార్డియాలజిస్ట్: సార్, 2003లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు 103 మందిని తీసుకుని 8 వారాలు చూశారు. గుగ్గులు వాడినవాళ్లకి ఎల్‌డీఎల్ తగ్గకపోగా కాస్త పెరిగింది, కొంతమందికి దద్దుర్లు కూడా వచ్చాయి.

ఆయుర్వేద వైద్యుడు: వాళ్లిచ్చింది ఎక్స్‌ట్రాక్ట్ అండి. మేం శోధన చేసిన, అంటే శుద్ధి చేసిన గుగ్గులు ఇస్తాం, పథ్యం పెడతాం, మనిషిని చూసి మోతాదు చెప్తాం.

కార్డియాలజిస్ట్: ఒప్పుకుంటా, మరైతే ఆన్‌లైన్‌లో బాటిల్ కొనుక్కునేవాడికి అవేవీ దొరకవు కదా.

ఆయుర్వేద వైద్యుడు: అది మాత్రం కరెక్టే, దాన్ని నేనూ సమర్థించను.

యాంకర్: రెడ్ ఈస్ట్ రైస్ అని ఇంకోటి బాగా అమ్ముతున్నారు, అమెరికాలో ఉండే పిల్లలు అమ్మానాన్నలకి పట్టుకొస్తున్నారు కూడా.

కార్డియాలజిస్ట్: ముందు ఒకటి, అది మనం వండుకునే ఎర్ర బియ్యం కాదు, బియ్యం మీద ఒక రకం బూజు పెంచి తయారుచేస్తారు. అందులో ఉండే మొనాకోలిన్ కె, లోవాస్టాటిన్ మాత్రలో ఉండే మందు, రెండూ ఒకటే పదార్థం. అంటే స్టాటిన్‌కి భయపడి స్టాటినే మింగుతున్నారు, కాకపోతే ఏ సీసాలో ఎంత ఉందో తెలీదు! యూరప్‌లో 2022లో రోజుకి 3 మిల్లీగ్రాముల లోపే ఉండాలని రూల్ పెట్టారు. కొన్నిట్లో సిట్రినిన్ అని కిడ్నీలకి పడని విషం కూడా ఉంటోంది.

ఆయుర్వేద వైద్యుడు: స్టాటిన్‌నీ సప్లిమెంట్లనీ పోల్చారని మీరెప్పుడూ చెప్పే అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ స్టడీకి డబ్బులిచ్చింది మందుల కంపెనీయే కదా?

కార్డియాలజిస్ట్: అవును, ఆస్ట్రాజెనెకా ఇచ్చింది, దాచిపెట్టిందేం కాదు. 28 రోజులే చేశారు, అదీ నిజమే. కానీ తేడా చూడండి, రోసువాస్టాటిన్ అనే స్టాటిన్ 5 మిల్లీగ్రాములకి ఎల్‌డీఎల్ దాదాపు 38 శాతం తగ్గింది. పసుపు, దాల్చినచెక్క, వెల్లుల్లి, చేపనూనె, మొక్కల నుంచి తీసే ప్లాంట్ స్టెరాల్స్, రెడ్ ఈస్ట్ రైస్, ఈ ఆరు సప్లిమెంట్లలో ఒక్కటి కూడా ఉత్తుత్తి మాత్ర కంటే చెప్పుకోదగ్గ తేడా చూపించలేదు.

యాంకర్: అయితే మొత్తం వేస్టేనా?

డైటీషియన్: కాదు కాదు, ఇసబ్‌గోల్ ఉందిగా. మందుల షాపులో మలబద్ధకం సామాన్ల పక్కన పడుంటుంది కాబట్టి దానికి గ్లామర్ లేదు, లేకపోతే ఈపాటికి వెయ్యి రూపాయల సీసాలో అమ్మేవాళ్లు. నీళ్లలో జిగురులా అయ్యి పేగుల్లో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది, లివర్ మళ్లీ పైత్యరసం చేసుకోవాలంటే రక్తంలోంచి కొలెస్ట్రాల్ లాక్కోవాల్సిందే. రోజుకి 10 గ్రాముల దాకా రెగ్యులర్‌గా వాడితే ఎల్‌డీఎల్ 5 నుంచి 10 శాతం తగ్గొచ్చు.

యాంకర్: ఏలూరు నుంచి కాలర్ ఉన్నారు, చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్, మా నాన్నగారికి స్టెంట్ వేశారు, ఆయన కొలెస్ట్రాల్ మాత్ర మానేసి హెర్బల్ క్యాప్సూల్ వాడుతున్నారు, పర్లేదంటారా?

కార్డియాలజిస్ట్: పర్లేదు అనలేనమ్మా. స్టెంట్ పడినవాళ్లకి ఎల్‌డీఎల్ డెసిలీటరుకి 55 మిల్లీగ్రాముల లోపే ఉండాలని మన కార్డియాలజీ సొసైటీ 2024లో చెప్పింది, క్యాప్సూల్‌తో అక్కడికి రాదు. సీసా దగ్గరుందా? "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్", అంటే మందుగా వాడటానికి కాదు అని ఉందేమో చూడండి.

కాలర్: ఒక్క నిమిషం... ఆ, ఉందండి, వెనకాల చిన్న అక్షరాల్లో.

కార్డియాలజిస్ట్: రేపు పొద్దున్నే స్టెంట్ వేసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మాత్ర పడకపోతే డోసు మారుస్తారు, ఎజెటిమైబ్ లాంటి వేరే కొలెస్ట్రాల్ మందులూ ఉన్నాయి. ఊరికే మానేయడం మాత్రం వద్దు.

కాలర్: ఇసబ్‌గోల్ ఇవ్వొచ్చా మేడమ్?

డైటీషియన్: డాక్టర్‌కి ఒక మాట చెప్పి మాత్రతో పాటు ఇవ్వండమ్మా, పెద్ద గ్లాసుడు నీళ్లతో. మిగతా మందులకి రెండు గంటలు ఎడం ఉంచండి.

యాంకర్: ఇంకా కాల్స్ వెయిటింగ్‌లో ఉన్నాయి, చిన్న బ్రేక్ తీసుకుని వద్దాం.