డ్రామా క్వీన్ రివ్యూ: ఈ అబద్ధాలకోరు పిల్ల నాకెందుకు నచ్చింది?

నమస్తే అండీ, బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, ఇది ప్రమోషన్ వీడియో. నా చెవుల్లో ఉన్నాయి చూడండి, ఈ ఇయర్‌బడ్స్ ఫ్రీగా పంపించారు. "ఏదైనా మ్యూజికల్ సినిమా చూసి సౌండ్ ఎలా ఉందో చెప్పండి" అన్నారు. సరేనని 2004లో వచ్చిన 'కన్ఫెషన్స్ ఆఫ్ ఎ టీనేజ్ డ్రామా క్వీన్' పెట్టుకున్నాను. సౌండ్ బాగుంది. ఎడమ చెవిది మాత్రం నేను నవ్వినప్పుడల్లా జారిపోతోంది. కామెడీ సినిమాకి అదో తలనొప్పి. ప్రమోషన్ అయిపోయింది, ఇక సినిమాలోకి వెళ్దాం. స్పాయిలర్లు ఉంటాయి, సినిమాకి ఇరవై ఏళ్ళు దాటింది కాబట్టి నన్ను తిట్టకండి.

కథ మీరు ఎక్కడో చదివే ఉంటారు. లిండ్సే లోహన్ పేరు ఇందులో లోలా. అసలు పేరు మేరీ, కానీ ఆ పేరుతో స్టార్ అవ్వలేనని పిల్ల నమ్మకం. న్యూయార్క్‌లో పెరిగిన పిల్లని వాళ్ళమ్మ న్యూజెర్సీలోని డెల్‌వుడ్ అనే ఊరికి తీసుకొచ్చేస్తుంది. అక్కడి స్కూల్లో బెర్నార్డ్ షా నాటకం 'పిగ్మేలియన్'ని రాక్ మ్యూజికల్‌గా మార్చి వేస్తుంటారు. హీరోయిన్ వేషం కోసం కార్లా అనే అమ్మాయితో పోటీ. ఆ కార్లా ఎవరనుకున్నారు? మేగన్ ఫాక్స్! 'ట్రాన్స్‌ఫార్మర్స్'కి మూడేళ్ళ ముందు. డ్రామా టీచరుగా కెరోల్ కేన్ ఆ వణికే గొంతుతో మాట్లాడుతుంటే ఇయర్‌బడ్ రెండుసార్లు కింద పడింది.

పాటల గురించి పెద్దగా చెప్పేది లేదు. ఓకే, అంతే.

నేను మాట్లాడాలనుకున్నది ఒక్క అబద్ధం గురించి. లోలా తన ఫ్రెండ్ ఎల్లాతో మా నాన్న చచ్చిపోయాడని చెబుతుంది. నిజానికి అమ్మానాన్నలు విడిపోయారు, ఆయన న్యూయార్క్‌లో శుభ్రంగా ఉన్నాడు. అభిమాన రాక్ స్టార్ పార్టీ కోసం ఇద్దరూ వానలో తడుస్తూ వెళ్తారు, లోలా ఒంటిమీద నాటకంలో వేసుకోవాల్సిన డ్రెస్సు. తీరా చూస్తే ఆ స్టారు తాగి పడిపోయి ఉంటాడు. చివరికి అందరూ పోలీస్ స్టేషన్‌లో తేలతారు. అక్కడికి వస్తాడండీ, ఆ చచ్చిపోయిన నాన్న!

ఇక్కడే నాకు ఒళ్ళు మండింది. ఎల్లా కోపం ఇంకాసేపు ఉండాల్సింది. ఎల్లాగా వేసిన ఆలిసన్ పిల్ ఎంత బాగా చేసిందో, ఆ అమ్మాయికి సరిగ్గా అలగడానికి కూడా టైమివ్వలేదు. గంటన్నర సినిమాలో ఇంకో ఐదు నిమిషాలు పెడితే ఏం పోయేది?

అయినా లోలాని నేను తిట్టలేను. ఎందుకంటే ఎనిమిదో తరగతిలో నేను క్లాసంతా చాటింపు వేశాను, మా మామయ్య సినిమాల్లో అసిస్టెంట్ డైరెక్టర్ అని. ఆయనకి తెనాలిలో మోటార్ రీవైండింగ్ షాపు. ఒక ఆదివారం నా ఫ్రెండ్ చెప్పాపెట్టకుండా ఇంటికొచ్చింది. మామయ్య స్టూలెక్కి ఫ్యానుకి కెపాసిటర్ మారుస్తున్నాడు, నోట్లో టెస్టర్. అది తలెత్తి, "అంకుల్, షూటింగ్ ఎప్పుడండీ?" అంది. నాకు పై ప్రాణం పైనే పోయింది. మామయ్య ఒకసారి నా మొహం చూశాడు. టెస్టర్ తీసి జేబులో పెట్టుకుని, "వచ్చే వారమేనమ్మా, కెమెరామన్‌కి ఖాళీ లేదు" అన్నాడు. మళ్ళీ ఫ్యాను వైపు తిరిగిపోయాడు. ఆ తర్వాత కూడా దాని గురించి నన్ను ఒక్క మాట అడగలేదు.

అందుకే క్లైమాక్స్‌లో నేను పడిపోయాను. లోలా ఆ పార్టీ దాకా వెళ్ళిన మాట నిజమే, కానీ కార్లా చూసి కూడా చూడలేదంటుంది, స్కూల్లో ఎవరూ నమ్మరు. నాటకం అయ్యాక కార్లా ఇంట్లో పార్టీకి ఆ స్టారే స్వయంగా వస్తాడు, ఆ రాత్రి తన ఇంట్లో లోలా పారేసుకున్న నెక్లెస్ పట్టుకుని. ఇలా ఎక్కడైనా జరుగుతుందా అంటే జరగదు. నేను మాత్రం విజిల్ వేశాను.

ఇది వచ్చిన రెండు నెలలకే అదే లిండ్సే 'మీన్ గర్ల్స్'తో వచ్చేసరికి దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. దాని రివ్యూలో నేను కూడా "ముందు సినిమా వదిలేయండి" అన్నాను, అప్పటికి ఇది చూడనే లేదు. కామెంట్లలో బాగానే తిన్నాను లెండి. మార్కులు లెక్కేసి ఇస్తే ఐదుకి రెండున్నర. నేను నాలుగు ఇస్తున్నాను. వీడియో లింకు మామయ్యకి కూడా పంపుతాను, అప్పుడేమనుకున్నాడో ఇప్పుడైనా చెబుతాడేమో చూద్దాం. ఉండండి, ఎడమది మళ్ళీ పడిపోయింది... మంచం కిందకి పోయినట్టుంది.